బంట్ల అమరికే దారి చూపుతుంది

మిత్రులారా,

చదరంగంలో డి4తో, అంటే క్వీన్ ముందున్న బంటును రెండు గళ్లు తోసి, ఆట మొదలుపెట్టేవాళ్లలో చాలామంది మొదటి పది ఎత్తులు కంఠతా పట్టేస్తారు. ఆ తర్వాత ఏం ఆడాలో తోచక టెన్షన్ పడతారు. అప్పుడు చూడాల్సింది బంట్ల వైపు. ఈరోజు ఒక్క అమరిక గురించే చెబుతాను. క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అంటే తెల్ల సి4లో ఎరగా పెట్టిన బంటును నల్ల కొట్టకుండా వదిలేసే ఆరంభం. అందులో తెల్ల సి-బంటు డి5ను కొడుతుంది, నల్ల ఇ-బంటు దాన్ని తిరిగి కొడుతుంది. అలా ఏర్పడేదే కార్ల్స్‌బాద్ అమరిక. 1923లో చెకోస్లొవేకియాలోని కార్ల్స్‌బాద్ ఊళ్లో జరిగిన టోర్నమెంట్ వల్ల దానికి ఆ పేరు వచ్చింది.

ఇప్పుడు క్వీన్ వైపు, అంటే ఎ, బి, సి నిలువు వరుసల్లో, తెల్లకు రెండు బంట్లు, నల్లకు మూడు. తక్కువ ఉన్నవాడే అక్కడ దాడి చేస్తాడు! అదే మైనారిటీ అటాక్. ఏనుగును బి1కి తెచ్చి, బి-బంటును బి4కి, అక్కడి నుంచి బి5కి తోస్తారు. బంటు గెలుచుకోవాలని కాదు, సి6లో ఉండే నల్ల బంటును బలహీనం చేయాలని. నల్ల బి5ను కొడితే డి5లోని బంటు ఒంటరిదవుతుంది. కొట్టకపోతే తెల్ల సి6లో కొడుతుంది. బి-బంటుతో తిరిగి కొట్టాక, సి6లో ఒక వెనకబడిన బంటు, అంటే వేరే బంటు కాపు కాయలేని బంటు, మిగులుతుంది. సగం తెరుచుకున్న, అంటే తెల్ల బంటు లేని, సి-ఫైల్ (నిలువు వరుస) మీద తెల్ల ఏనుగులు దాన్ని ఎండ్‌గేమ్ దాకా పీడిస్తాయి.

నల్ల మాత్రం చేతులు కట్టుకుని కూర్చోదు. తన బంటు అడ్డులేని ఇ-ఫైల్ దానిది. గుర్రం ఇ4లో దిగితే, ఏనుగు ఇ6 మీదుగా తెల్లరాజు వైపు మళ్లితే, బి5 దాకా నడిచే తీరిక తెల్లకు ఉండదు. అందుకే, నల్ల దగ్గర దాడికి పావులు తగ్గేలా, తెల్ల మార్పిడులు కోరుకుంటుంది. నాకు బాగా నచ్చే జవాబు ఇంకొకటి ఉంది. నల్ల తానే బి5 ఆడి, గుర్రాన్ని సి4లో నిలబెట్టడం. సి6 బలహీనమైనా సరే, దాని మీదికి వచ్చే ఫైల్‌కు ఆ గుర్రం అడ్డుగోడ. గుర్రం సి4 చేరే వీలు లేకుండా బి5 ఆడితే మాత్రం చేజేతులా నష్టమే.

తెల్లకు ఇంకో దారి ఉంది. జి1 గుర్రాన్ని ఎఫ్3కి కాకుండా ఇ2కి తెస్తే ఎఫ్-బంటు దారి ఖాళీగా ఉంటుంది. ఎఫ్3 ఆడి, ఇ4 తోయొచ్చు. 1952లో ఎస్టోనియా గ్రాండ్‌మాస్టర్ కెరెస్ మీద అప్పటి ప్రపంచ ఛాంపియన్ బోత్విన్నిక్ తెల్లతో ఆడిన ఆట చూడండి. 11వ ఎత్తులో ఏనుగును బి1కి తెచ్చి, మైనారిటీ అటాక్ వస్తుందేమో అనిపించాడు. 14వ ఎత్తులో అదే ఏనుగును ఇ1కి తిప్పాడు. 20వ ఎత్తులో ఇ4 తోసి, ఆట గెలిచాడు. బోర్డు దగ్గరికి రండి, ఆ ఆటను మొదటి నుంచీ పేర్చి చూద్దాం.