నొప్పిని అంకెల్లో చూపించే యంత్రం ఉందా?

వ్యాఖ్యాత: ఒళ్లంతా నొప్పులు, అలసట దీర్ఘకాలం వేధించే ఫైబ్రోమయాల్జియాపై మీ సందేహాలకు రుమటాలజిస్టు, అంటే కీళ్లు, కండరాల జబ్బుల డాక్టరు గారు సమాధానాలు ఇస్తున్నారు. లైనులో మరో శ్రోత ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నాలుగేళ్లుగా నాకు ఒళ్లంతా నొప్పులు. ఒక డాక్టరు గారు పద్దెనిమిది చోట్ల వేలితో నొక్కి, తొమ్మిది చోట్లే నొప్పి ఉంది కాబట్టి ఇది ఫైబ్రోమయాల్జియా కాదన్నారు. మరొకరు నొక్కి చూడకుండానే అదేనన్నారు. నొప్పిని అంకెల్లో చూపించే యంత్రం ఏదైనా ఉంటే, కనీసం మా ఇంట్లోవాళ్లకైనా చూపించుకుంటాను.

డాక్టర్: రెండో డాక్టరు గారు తొందరపడలేదమ్మా. మూడు నెలలకు మించి ఒంట్లో విస్తృతంగా నొప్పి ఉండి, 18 చోట్లలో కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి పుట్టాలన్నది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1990లో పెట్టిన ప్రమాణం. సుమారు 4 కిలోల బలంతో నొక్కాలన్నారు గానీ, నా వేలి బలం, మరొకరి వేలి బలం ఒకటి కావు కదా! 2010 ప్రమాణాలు ఆ నొక్కుడు లెక్కను పక్కన పెట్టి, గత వారంలో 19 చోట్లలో ఎన్నిచోట్ల నొప్పి కలిగిందో, అలసట, సేద తీర్చని నిద్ర, ఏకాగ్రత లోపం ఎంత తీవ్రంగా ఉన్నాయో అడిగి తేల్చుకోమన్నాయి.

శ్రోత: మరి యంత్రం సంగతి?

డాక్టర్: ఆల్గోమీటర్ అనే పరికరం ఉంది. ఒక చదరపు సెంటీమీటరు రబ్బరు మొనను కండరంపై ఆనించి, ఒత్తిడిని ఒకే వేగంతో పెంచుతూ పోతాం. 'నొక్కుతున్నారు' అనిపించేది 'నొప్పి' అనిపించిన క్షణంలో మీరు ఆపమంటారు. ఆ అంకె మీ నొప్పి కాదమ్మా, నొప్పి మొదలయ్యే గడప. ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిలో ఈ గడప తక్కువ ఎత్తులో ఉంటుంది, అదీ నొప్పి ఉన్నచోటే కాదు. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో బొటనవేలి గోరును నొక్కుతూ మెదడును ఎంఆర్ఐలో చూశారు. రోగులకు సుమారు 2.4 కిలోల ఒత్తిడికి కలిగినంత నొప్పి ఆరోగ్యవంతులకు కలగాలంటే 4 కిలోలు దాటాల్సి వచ్చింది, అప్పుడు ఇద్దరి మెదళ్లలోనూ చాలావరకు అవే భాగాలు చురుకయ్యాయి. మీ ఇంట్లోవాళ్లకు చెప్పదగిన మాట ఇదే: వాళ్లకు మామూలు ఒత్తిడిగా తోచేది మీ నాడీవ్యవస్థకు నిజంగానే నొప్పిగా అందుతోంది.

శ్రోత: అయితే ఆ పరీక్ష చేయించుకోమంటారా?

డాక్టర్: నిర్ధారణకు అవసరం లేదు. ముందు రోజు నిద్ర పట్టకపోయినా, ఆందోళనగా ఉన్నా, పరీక్షించేవారు తొందరగా నొక్కినా అంకె మారుతుంది. మీరు రోజూ పడే బాధకు, ఆ అంకెకు పొంతన కుదరకపోవడం కూడా మామూలే. అంకె బాగుందని మీ మాట కొట్టిపారేస్తారేమోనన్నదే నా భయం. పొడిచినట్టుండే తాకిడిని పదేపదే ఇస్తే నొప్పి పెరుగుతుందా, ఒక చేతిని చల్లటి నీళ్లలో ఉంచితే మరోచోటి నొప్పి తగ్గుతుందా అని చూసే పరీక్షలు కూడా ఉన్నాయి గానీ, అవి ప్రధానంగా పరిశోధనకే. మీరు మనిషి బొమ్మ గీసి, వారం రోజులు నొప్పి ఉన్న చోట్లన్నీ గుర్తుపెట్టి, ఎలా నిద్రపోయారో రాసి, ఆ కాగితం రెండో డాక్టరు గారికి చూపించండి.

శ్రోత: తప్పకుండా చూపిస్తానండీ.