25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, పర్లాకిమిడి తెలుగువారందరికీ నమస్కారం. పాతపట్నం నుంచి కూడా కొందరు వచ్చారు, సంతోషం. శాలువా తర్వాత కప్పుదురుగాని బాబూ, అసలే ఉక్కగా ఉంది.

బండి నడపడం హక్కా, అనుమతా అన్నది నాకిచ్చిన విషయం. అయిదు నిమిషాల్లో ముగించమన్నారు. నలభై అయిదు నిమిషాల పీరియడ్లకి అలవాటుపడ్డ మాస్టర్ని, ఓర్చుకోండి.

రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కిచ్చింది. 1936లో మన ఊరు ఒడిశాలోకి వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు ఆంధ్ర వైపే ఉండిపోయింది. అయినా రోజూ వెళ్ళొస్తాం, ఎవరడిగారు? కానీ ఆ అధికరణంలో స్కూటరు మాట లేదు. దానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం చూడాలి. లైసెన్సు లేనిదే రోడ్డెక్కొద్దంటుంది మూడో సెక్షన్. పంతొమ్మిదో సెక్షన్ ప్రకారం ఇచ్చినవాళ్ళే రద్దు చెయ్యొచ్చు కూడా. హక్కే అయితే పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఆగమంటారా?

మన లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. బండి సంగతి వేరు. ఆంధ్రా నంబరు బండిని ఇక్కడ ఏడాది దాటి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. నవ్వకండి, బయట ఏపీ నంబర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టే లోపలికి వచ్చాను.

సరే, చట్టం పక్కన పెడదాం. అసలు నేనొచ్చింది నా ఎడమ కన్ను గురించి చెప్పడానికి.

నా వయసువాళ్ళకి లైసెన్సు అయిదేళ్ళకోసారి రెన్యూవల్. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఒకాయన నా మొహం చూడకుండానే సంతకం పెట్టేశాడు. పేరెందుకు లెండి. ఏడాదిగా ఎడమ కంటికి పొర కమ్ముతోంది. మా అబ్బాయి వద్దంటున్నాడు. నేను ఊరుకుంటానా? 'నా బండి, నా లైసెన్సు, నా హక్కు' అన్నాను. అవునండీ, ఈ మాట నాదే.

ఒక సంతరోజు సాయంత్రం స్కూటరు మీద వస్తున్నాను. కొండ దిగి వచ్చిన సవర ఆడమనిషి నెత్తిన చింతపండు గంపతో ఎడమ వారన నడుస్తోంది. నాకు కనబడలేదు. హ్యాండిల్ గంపకి తగిలింది. ఆవిడ కాలవలోకి దిగిపోయింది, గంప బోర్లాపడింది. దెబ్బ తగల్లేదు, అదృష్టం. నేనేం చేశానో తెలుసా? పిల్లల్ని గదమాయించిన అలవాటు కదా, 'చూసుకుని నడవాలి కదమ్మా' అని గట్టిగా అన్నాను.

ఆవిడ బురదలోంచి ఒక్కో చింతపండు ముద్దా తీసి, చీర కొంగుతో తుడిచి, గంపలో వేసుకుంటూ అంది: 'నాను వోరగానే ఎల్తన్నాను బాబూ, నీకే అగుపడనేదు.'

డబ్బివ్వబోతే తీసుకోలేదు. మీరే చెప్పండి, ఆ రోడ్డు మీద హక్కు ఎవరిది? లైసెన్సున్న నాదా, ఆవిడదా?

ఇంటికొచ్చి రెన్యూవల్ కాగితాల జిరాక్సులు తీశాను. అందులో ఒక ప్రశ్న ఉంది. మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు ఒక్కో కంటితోనూ చదవగలరా అని. ఎదురుగా 'అవును' అని ఉంది. రాసింది బ్రోకరే, కింద సంతకం మాత్రం నాది. డాక్టరుగార్ని ఇందాకటి నుంచీ ఆడిపోసుకుంటున్నాను కదా.

మర్నాడు పదింటికి పక్కింటివాళ్ళ కారు వీధిలో నిలబెట్టించి, టేపుతో 25 మీటర్లు కొలిచి, కుడి కన్ను మూసుకుని నిలబడ్డాను. పసుపో తెలుపో కూడా తేలలేదు. నా మనవడు అరుగు మీంచి చదివి వినిపించాడు, ఓడీ ఇరవై అని.

ఆపరేషన్ వచ్చే నెల. అంతదాకా తాళంచెవి మా కోడలి దగ్గర. ఇవాళ ఆటోలో వచ్చాను. కుర్రాడు బాగానే నడిపాడు, గేటు దగ్గరే ఉన్నాడు. మీసాలు కూడా సరిగా రాలేదు. లైసెన్సుందా అని అడుగుదామనుకున్నాను, తీరా అడిగితే దింపేస్తాడేమోనని ఊరుకున్నాను.