బల్లపరుపు కొండ మీద ముత్తాత కుర్చీ

శ్రోతలకు నమస్కారం. విశాఖలో కొండ అంటే మనకు సింహాచలం, కైలాసగిరి, కంబాలకొండ. ఇక్కడ ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ చివికి ఎర్రమట్టి అయిపోతుంది. అందుకే మన కొండలకు వాలులు, గుండ్రని భుజాలు. ఇవాళ చెప్పే కొండ వేరు. పైన బల్లపరుపు, పక్కలన్నీ నిట్టనిలువు.

అది పోలండ్‌లో, చెక్ సరిహద్దు పక్కన, అడవి మధ్యలో ఉంది. పేరు ష్చెలీనియెట్స్, ఎత్తు 919 మీటర్లు. డైనోసార్ల కాలంలో అక్కడ సముద్రం. అడుగున పేరుకున్న ఇసుక పొరలు పొరలుగా గట్టిపడి రాయి అయింది. నేల పైకి లేచాక రాయి నిలువుగా పగిలింది, ఆ పగుళ్లలోకి నీరు దిగింది, కొండ అంచులు ముక్కలు ముక్కలుగా రాలాయి.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నాడు. ఫ్రాంజ్ పాబెల్, కొండ కింద పల్లెకు పెద్ద. చూడ్డానికి వచ్చేవాళ్లు పైకి ఎలా వెళ్లాలో తెలియక ఇబ్బంది పడుతుంటే, 1790 ప్రాంతంలో రాతి మెట్లు కట్టించాడు. 665 మెట్లు! సింహాచలం మెట్ల దారి ఎక్కినవాళ్లకు ఆ శ్రమ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1813లో, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు రాజు ఆయన్నే ఆ కొండకు అధికారిక గైడుగా నియమించాడు. దారి వేసినవాడే దారి చూపించాడు. ఆ మెట్ల మీదే జనం ఇప్పటికీ ఎక్కుతున్నారు.

పైన ఇరుకైన పగుళ్ల మధ్య నడక. ఒక లోతైన పగులులో వేసవి మొదలయ్యాక కూడా మంచు నిలిచే ఉంటుంది. అన్నింటికన్నా ఎత్తైన బండ పేరు ముత్తాత కుర్చీ. అక్కడ అందరూ ఒకే దిశలో నడవాలి, గుర్తు పెట్టిన దారి వదలకూడదు. ఇసుకరాయి ఇసుకే కదా, బూటు రాపిడికే అరిగిపోతుంది.

మన ఎర్రమట్టికీ ఇదే వర్తిస్తుంది. అందుకని ఒక్క మాట. కంబాలకొండలో నడిచేటప్పుడు మలుపుల దగ్గర అడ్డంగా దిగకండి. దారిలోనే నడవండి. అడ్డదారిలో ముందు గడ్డి పోతుంది, తర్వాత చెట్ల వేళ్లు బయటపడతాయి, వానాకాలం రాగానే నీళ్లన్నీ అటే దూకి మట్టిని కోసేస్తాయి. మలుపు తిరిగి దిగితే కాస్త ఆలస్యం, అంతే. పిల్లలతో వెళ్తే వాళ్లని ముందు వదలకండి, పెద్దవాళ్ల మధ్యలో నడిపించండి. అడ్డదారి మొదట పట్టేది వాళ్లే.