రిబ్బన్ కన్నా టేపే వెడల్పుగా ఉంటే ఎలా అండి? టేప్ రన్నర్ రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ టేప్ రన్నర్, అంటే పేపర్ మీద పెట్టి లాగితే రెండు వైపులా అంటుకునే జిగురు టేప్ పరిచే చిన్న పరికరం, దీన్ని కంపెనీ వాళ్ళే ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు, ఇలా చెప్పండి అని కూడా అనలేదు. రేటెంత, రీఫిల్ దొరుకుతుందా ఇవన్నీ మీరు ఈపాటికే చూసేసుంటారు కాబట్టి వాటి జోలికి వెళ్ళట్లేదు. నాకు కావాల్సింది ఒక్కటే, చేత్తో చేసుకునే కార్డులకి, ఇన్విటేషన్లకి దీంతో రిబ్బన్ నీట్‌గా అంటుతుందా లేదా.

మా చెల్లి కూతురు ఓణీల ఫంక్షన్‌కి కార్డులు ఇంట్లోనే చేస్తున్నాం, 300 జీఎస్ఎం షీట్ (అంటే మందపాటి కార్డు పేపర్), మీద మెరూన్ శాటిన్ రిబ్బన్. ఇదివరకు నేను తెల్ల గమ్ వాడేదాన్ని. అందులో నీళ్ళుంటాయి కదా, శాటిన్‌లోంచి పైకి తేలిపోతుంది, ఆరాక అక్కడ గట్టిగా, ముదురు మచ్చలా మిగిలిపోతుంది, పేపర్ కూడా వంకర తిరుగుతుంది. తర్వాత గ్లూ గన్ కొన్నా, గట్టిగానే అంటుతుంది గానీ రిబ్బన్ కింద ఉండ తెలుస్తుంది, సన్న దారాలు సాగుతాయి, పైగా మన మే నెల ఎండల్లో కార్డులు కారులో పెట్టి పంచడానికి వెళ్తే ఆ గ్లూ మెత్తబడి రిబ్బన్‌తో కట్టిన బో పక్కకి జారిపోతుంది.

ఇక ఈ రన్నర్. 12 మిల్లీమీటర్ల రిబ్బన్ మీద మాత్రం సూపర్ అండి, నిజంగా! తడి లేదు, ఆరబెట్టే పని లేదు, ఇలా లాగి అలా అంటించడమే. ఇదిగో లైట్ కింద చూపిస్తున్నా చూడండి, పైన ఒక్క గీత కూడా కనపడట్లేదు. రెండు చివర్లూ అంగుళం చొప్పున వెనక్కి మడిచి అక్కడ అంటించి, లోపలి షీట్ దాని మీద పెట్టేస్తే అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. రిబ్బన్ మరీ బిగించి లాగకండి, కార్డు విల్లులా వంగిపోతుంది. ఆర్గాంజా అయితే ముందు వైపు టేప్ వద్దే వద్దు, లోపలంతా కనిపిస్తుంది, వెనక మాత్రమే వెయ్యండి.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండిన విషయం చెప్తా. దీని టేప్ వెడల్పు 8 మిల్లీమీటర్లు. కార్డుల మీద మనం ఎక్కువగా వాడేది ఏది? పావు అంగుళం రిబ్బన్, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు! మధ్యలో ఎంత కరెక్ట్‌గా పెట్టినా అటో మిల్లీమీటరు ఇటో మిల్లీమీటరు జిగురు బయటికొచ్చేస్తుంది. అప్పుడు కనపడదు, చేత్తో తడిమితే తెలుస్తుంది అంతే, కానీ కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి పొద్దున చూస్తే పక్క కార్డుకి అంటుకునుంటాయి, దుమ్ము పట్టి రిబ్బన్‌కి రెండు వైపులా నల్ల గీతలొస్తాయి. తెల్ల కార్డు మీద అది ఎంత అసహ్యంగా ఉంటుందో చెప్పండి. కొందరు టాల్కమ్ పౌడర్ అద్దమంటారు, జిగురు చచ్చిపోతుంది నిజమే, మెరూన్ రిబ్బన్ అంచుకి పౌడర్ పట్టేస్తుంది మరి! రిబ్బన్ కోసమే అని డబ్బా మీద బొమ్మేసి మరీ అమ్ముతున్నప్పుడు సన్న టేప్ ఒకటి ఇవ్వొద్దా అండి?

నేను చేస్తున్నదేంటంటే, సెల్ రిపేర్ వాళ్ళు స్క్రీన్లు అతికించడానికి వాడే 3 మిల్లీమీటర్ల డబుల్ సైడ్ టేప్ ఉంటుంది కదా, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, ఆన్‌లైన్‌లోనూ ఉంది. పావు అంగుళం రిబ్బన్ కింద సరిగ్గా ఒదుగుతుంది. ఆ పైపొర గోటితో లేపడం కొంచెం విసుగే, ట్వీజర్ తీసుకోండి.

బోకి రన్నర్ అస్సలు పనికిరాదు, ముడి కింద ఎత్తుపల్లాలుంటాయి కాబట్టి టేప్ ఆనదు. బో విడిగా కట్టుకుని గ్లూ డాట్‌తో, అంటే రెడీగా దొరికే చిన్న గుండ్రటి జిగురు చుక్కతో, నొక్కండి, కొసలు ఏటవాలుగా కత్తిరించి అగరొత్తి నిప్పు దగ్గరగా పెడితే పోగులు రావు, పాలిస్టర్ శాటిన్‌కే సుమా, కాటన్ అయితే కాలిపోతుంది.

సో, వెడల్పు రిబ్బన్లే వాడతాను అనేవాళ్ళు కొనుక్కోండి, హాయిగా ఉంటుంది. సన్న రిబ్బన్ అయితే నా డబ్బుల్తో నేను కొనను. ఇంకోటి, కార్డు మూలలకి పసుపు రాసేది ఉంటే రిబ్బన్ కట్టకముందే రాసి ఆరనివ్వండి, శాటిన్‌కి అంటితే మళ్ళీ పోదు. 3 మిల్లీమీటర్ల టేప్ లింకు కింద ఇచ్చాను, రిబ్బన్ సైజు గురించి డౌట్ ఉంటే కామెంట్‌లో అడగండి.