ఏ నెలలో వెళ్తున్నారు? – దక్షిణాది ఆఫ్రికా యాత్రలపై ఫోన్-ఇన్

యాంకర్: అందరికీ నమస్కారం. ఈరోజు మనతో ఉన్న మేడం పదకొండేళ్లు జోహన్నెస్‌బర్గ్‌లో కాపురం ఉన్నారు. సెలవు దొరికినప్పుడల్లా దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, బోట్స్వానా, నమీబియా తిరిగొచ్చారు. లైన్లో గుంటూరు నుంచి ఒక మాస్టారు ఉన్నారు. చెప్పండి సార్.

గుంటూరు మాస్టారు: నమస్కారమండీ. నేను సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్నాడు. దసరా అయ్యాక, అక్టోబర్ ఆఖర్లో నన్నూ మా ఆవిడనీ రమ్మంటున్నాడు. విక్టోరియా జలపాతం చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. పిల్లలకి మ్యాపులో వేలు పెట్టి చూపించేవాణ్ణి గానీ కంటితో చూడలేదు.

మేడం: మాస్టారూ, టికెట్లు కొనేశారా?

గుంటూరు మాస్టారు: లేదమ్మా, ఈ వారంలో కొందామని.

మేడం: అయితే మంచి టైములో ఫోన్ చేశారు. నేను మొదటిసారి అక్కడికి నవంబర్‌లో వెళ్లాను. ఆ జలపాతం జాంబియా, జింబాబ్వే సరిహద్దు మీద ఉంటుంది. మాకు టూర్ కట్టిన ఏజెంటు జాంబియా వైపు, లివింగ్‌స్టన్ ఊళ్లో రూమ్ బుక్ చేశాడు. పొద్దున్నే ఎంతో ఆశతో వెళితే ఎదురుగా నల్లటి రాతి గోడ. అక్కడక్కడా నాలుగు సన్నటి ధారలు, అంతే. మా అత్తగారు ‘జలపాతం ఎక్కడమ్మా?’ అని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. నెల గురించి అతను ఒక్క మాట కూడా చెప్పలేదు. అప్పట్నుంచీ ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఇదే, ఏ నెలలో వెళ్తున్నారు అని.

గుంటూరు మాస్టారు: అంత పెద్ద జాంబెజి నది ఎండిపోతుందా అమ్మా?

మేడం: నది ఎండదండీ, నీళ్లు బాగా తగ్గుతాయి. ఆ జలపాతం వెడల్పు 1,708 మీటర్లు, ఎత్తు 108 మీటర్లు. నయాగరాకి రెండింతల ఎత్తు. నీళ్లు తగ్గినప్పుడు అంత వెడల్పునా పారవు, పల్లంగా ఉన్న జింబాబ్వే వైపుకి చేరతాయి. అందుకే జాంబియా వైపు రాయి బయటపడుతుంది. మీరు అక్టోబర్‌లోనే వెళ్లాల్సి వస్తే బస జింబాబ్వే వైపే పెట్టుకోండి. డెవిల్స్ కేటరాక్ట్, మెయిన్ ఫాల్స్ అనే పాయల్లో అప్పుడు కూడా నీళ్లు పడుతూనే ఉంటాయి. కాకపోతే అక్టోబర్ అంటే అక్కడ మన మే నెల లాంటిది, ఎండ మాడ్చేస్తుంది.

గుంటూరు మాస్టారు: మరి నిండుగా చూడాలంటే?

మేడం: వరద పూర్తిగా వచ్చేది ఏప్రిల్ ప్రాంతంలో. కానీ అప్పుడు తుంపర ఎంత దట్టంగా లేస్తుందంటే ఎదురుగా నిలబడినా జలపాతం కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. కింద నుంచి పైకి కురిసే వాన అనుకోండి. రెయిన్ కోటు వేసుకున్నా తడుస్తారు. అక్కడివాళ్లు దాన్ని ‘మోసి-ఓ-అ-తున్యా’ అంటారు, ఉరిమే పొగ అని. 1855లో లివింగ్‌స్టన్ అనే బ్రిటిష్ యాత్రికుడు వచ్చి తమ రాణి విక్టోరియా పేరు పెట్టకముందు నుంచీ ఉన్న పేరది. నాకు ఆ పేరే ఇష్టం, ఎందుకంటే ఏప్రిల్‌లో అక్కడ ఉండేవి ఉరుమూ పొగా, ఆ రెండే. నీళ్లూ ఉండాలి, జలపాతమూ కనిపించాలి అంటే జూన్, జూలై. చలికాలం కాబట్టి ఎండ బాధ కూడా ఉండదు.

గుంటూరు మాస్టారు: మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు...

మేడం: జింబాబ్వే వైపు దారి చాలావరకు చదునుగా ఉంటుంది, మెల్లగా నడవచ్చు. కాలికి పట్టు ఉండే చెప్పులు వేయండి, రాళ్లు తడిసి జారతాయి. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఇంకో ముఖ్యమైన సంగతి. జోహన్నెస్‌బర్గ్ నుంచి జింబాబ్వే వెళ్లి మళ్లీ అబ్బాయి దగ్గరికే వస్తారు కదా? దక్షిణాఫ్రికా వీసా ఒకసారి ప్రవేశానికే ఇస్తే తిరిగి రానివ్వరు. అప్లికేషన్‌లోనే మల్టిపుల్ ఎంట్రీ అడగమని అబ్బాయికి చెప్పండి. సరిహద్దు బ్రిడ్జి దాటి జాంబియా వైపు కూడా చూడాలనుకుంటే జింబాబ్వే వీసాకీ ఇదే లెక్క.

గుంటూరు మాస్టారు: సరేనమ్మా. వాడితో ఇప్పుడే మాట్లాడతాను.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు ఉన్నాడు. చెప్పు బాబూ.

కరీంనగర్ యువకుడు: అక్కా, మేం నలుగురం ఫ్రెండ్స్, ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జంతువుల పార్కుకి వెళ్తున్నాం. కారు అద్దెకి తీసుకుని మేమే నడుపుదామని ప్లాన్. ఇంట్లోవాళ్లకి టెన్షన్. సింహాల మధ్య సొంతంగా నడపడం సేఫేనా?

మేడం: ఆగస్టు అంటే మంచి నెల. వానలుండవు, గడ్డి ఎండిపోయి పలచబడుతుంది, జంతువులన్నీ నీళ్ల దగ్గరికే వస్తాయి. నడపడం భయమేం కాదు బాబూ, అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. కానీ ఆ పార్కు ఎంత పెద్దదో ముందు అర్థం చేసుకో. దాదాపు 19,600 చదరపు కిలోమీటర్లు. మన పాత అనంతపురం జిల్లాకన్నా కాస్త పెద్దది. రెండు రోజుల్లో మొత్తం చుట్టేద్దాం అనుకుంటే రోడ్డు తప్ప ఏమీ చూడరు. తారు రోడ్డు మీదే స్పీడ్ లిమిట్ 50.

కరీంనగర్ యువకుడు: మరి ఎక్కడ ఉండమంటారు?

మేడం: స్కుకుజాలో గానీ లోయర్ సాబీలో గానీ దిగండి. రెండూ కంచె వేసిన క్యాంపులే. ఆ రెంటి మధ్య రోడ్డు సాబీ నది పక్కనే పోతుంది. పొద్దున్న 6 గంటలకు గేటు తీయగానే బయల్దేరండి, చలి ఉంటుంది, స్వెటర్లు పెట్టుకోండి. లోయర్ సాబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ అని చిన్న చెరువు ఉంది. అక్కడ కారు ఆపి, ఇంజన్ కట్టేసి, గంటసేపు కూర్చోండి. నీళ్లలో బండరాళ్లు అనుకున్నవి బుసకొట్టి లేస్తాయి. చూస్తే అవి నీటిగుర్రాలు! తిరిగినవాళ్ల కంటే కూర్చున్నవాళ్లకే ఎక్కువ కనిపిస్తాయని నా అనుభవం. కారు దిగడం మాత్రం వద్దే వద్దు. అనుమతి ఉన్న చోట్ల బోర్డు ఉంటుంది, అక్కడ తప్ప కాలు కింద పెట్టకూడదు.

కరీంనగర్ యువకుడు: ఏనుగు రోడ్డుకి అడ్డమొస్తే?

మేడం: నాకు సింహం కన్నా ఏనుగంటేనే భయం బాబూ. ఒకసారి మా కారుకి పది గజాల్లో ఒక మగ ఏనుగు నిలబడింది. కణతల నుంచి దవడ దాకా తడి చార కారుతోంది, వెనక కాళ్లు తడిసి ఉన్నాయి, ఘాటైన వాసన. మదం పట్టిన ఏనుగు. మావారు నెమ్మదిగా రివర్స్ చేసుకుంటూ పోయారు, హారన్ కొట్టలేదు, లైట్లు వేయలేదు. అది చెవులు రెండూ విప్పి నాలుగు అడుగులు మా వైపు వేసి, ఆగి, పొదల్లోకి పోయింది. అందుకే ఏనుగు కనిపిస్తే ఎప్పుడూ వెనక్కి పోవడానికి జాగా ఉంచుకోండి. ముందుకెళ్లి ఫొటో తీయాలన్న ఆశ పెట్టుకోకండి. సాయంత్రం గేటు మూసే టైము కన్నా అరగంట ముందే క్యాంపు చేరిపోండి. ఆలస్యమైతే జరిమానా వేస్తారు.

యాంకర్: విజయవాడ నుంచి ఒక అమ్మ.

విజయవాడ గృహిణి: నమస్తే మేడం. మా పిల్లలకి నాలుగేళ్లు, ఎనిమిదేళ్లు. డిసెంబర్ సెలవుల్లో వెళ్దామంటున్నారు మావారు. మలేరియా అంటేనే భయంగా ఉంది.

మేడం: మీ భయం న్యాయమైనదే. డిసెంబర్ అక్కడ వానాకాలం, క్రూగర్‌లో దోమలు ఎక్కువ. చిన్నపిల్లలతో ఈసారికి అటు వద్దమ్మా. కేప్‌టౌన్‌లో మలేరియా లేదు, డిసెంబర్‌లో అక్కడ హాయిగా వేసవి. బౌల్డర్స్ బీచ్‌లో పెంగ్విన్‌లు రాళ్ల మధ్య తిరుగుతుంటాయి, మీ చిన్నవాడి ఎత్తుకి కళ్లలో కళ్లు పెట్టి చూస్తాయి. వాటి సంఖ్య బాగా పడిపోయింది, 2024లో అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. ముట్టుకోవద్దని పిల్లలకి ముందే చెప్పండి. టేబుల్ మౌంటెన్ కేబుల్ కారుని ఆఖరి రోజుకి వాయిదా వేయకండి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. మొదటి రోజు ఆకాశం తేటగా ఉంటే ఆ రోజే ఎక్కేయండి. జంతువులూ చూడాలంటే జోహన్నెస్‌బర్గ్ నుంచి రెండున్నర గంటల్లో పిలానెస్‌బర్గ్ ఉంది, అక్కడ కూడా మలేరియా లేదు. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం అరిగిపోగా మిగిలిన కొండల మధ్య ఉంటుంది ఆ అడవి.

విజయవాడ గృహిణి: ఫ్లైటు అడిస్ అబాబా మీదుగా.

మేడం: అక్కడ ఎయిర్‌పోర్టులో 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికాలో దిగేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. టీకా ప్రయాణానికి 10 రోజుల ముందే వేయించుకోవాలి, అదీ ప్రభుత్వం అనుమతించిన సెంటర్లోనే. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు చేతిసంచిలో పెట్టుకోండి.

యాంకర్: శ్రీకాకుళం నుంచి కాల్.

శ్రీకాకుళం పెద్దాయన: అమ్మా, మా ముత్తాత తమ్ముడు దక్షిణాఫ్రికాలోని నేటాల్, అదే డర్బన్ ప్రాంతం, పోయాడని మా నాయన చెప్పేవాడు. చెరకు తోటల్లో పనికి. తిరిగి రాలేదు. నేను డర్బన్ చూసి రావాలనుకుంటున్నాను. ఏమైనా జాడ దొరుకుతుందా?

మేడం: దొరకొచ్చు బాబాయ్. 1860 నవంబర్‌లో ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా లక్షన్నర మంది అలా వెళ్లారు, వాళ్లలో మన తెలుగువాళ్లు ఎందరో. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాసేవారు. డర్బన్లో క్వాజులు-నేటాల్ యూనివర్సిటీలో గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ ఉంది, భారతీయుల చరిత్ర అంతా అక్కడ దాచారు. వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఆయన తండ్రి పేరు, అప్పటి ఊరి పేరు రాసుకోండి. మీ జిల్లా అప్పుడు గంజాంలోనో విశాఖపట్నంలోనో ఉండేది, శ్రీకాకుళం అని వెతికితే దొరకదు. స్పెల్లింగులు కూడా తెల్ల గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఓపిగ్గా పలికి చూసుకోవాలి.

శ్రీకాకుళం పెద్దాయన: ఆయన పేరు అప్పన్న.

మేడం: మంచిది బాబాయ్. ఒక రోజు డ్రాకెన్స్‌బర్గ్ కొండలకి కూడా వెళ్లండి, డర్బన్ నుంచి కారులో మూడు గంటలు పైచిలుకు. జులూలు వాటిని ‘ఉకాహ్లాంబా’ అంటారు, బల్లేల అడ్డుగోడ అని అర్థం.

యాంకర్: హైదరాబాద్ నుంచి గ్రూప్-1కి చదువుతున్న అమ్మాయి మెసేజ్. ‘బోట్స్వానాలోని ఒకవాంగో నది డెల్టాకి వానలు లేని కాలంలో వరద వస్తుందని చదివాను. వాన లేకుండా వరద ఎలా?’

మేడం: వాన పడేది అంగోలా కొండల్లో, జనవరి ప్రాంతంలో. ఆ నీరు బోట్స్వానాలోకి దిగాక నేల దాదాపు సమతలం. రెల్లు గడ్డిలోంచి పాకుతూ వస్తుంది. డెల్టా కింది అంచు చేరేసరికి జూన్, జూలై అవుతుంది. చుట్టూ కలహారి ఎడారి ఎండిపోయి ఉన్నప్పుడు ఇక్కడ నీళ్లు నిండుతాయి. మన గోదావరి, కృష్ణా డెల్టాలు సముద్రంలో కలుస్తాయి, ఇది ఏ సముద్రాన్నీ చేరదు తల్లీ, ఎండకీ ఇసుకకీ ఇచ్చేస్తుంది. మోకోరో అనే సన్నటి పడవలో కూర్చుంటే కలువ ఆకులు మోచేతికి తగులుతాయి. నీళ్లు తేటగా ఉంటాయి, అడుగున ఇసుక కనిపిస్తుంది. 2014లో యునెస్కో జాబితాలో వెయ్యో స్థలంగా చేరింది, పరీక్షకి ఆ ముక్క గుర్తుపెట్టుకో.

యాంకర్: టైము దగ్గరపడింది. ఆగండి, గుంటూరు మాస్టారు మళ్లీ లైన్లోకి వచ్చారు.

గుంటూరు మాస్టారు: అమ్మా, అబ్బాయితో మాట్లాడాను. ప్రయాణం వచ్చే జూలైకి మార్చాం. ఒక్క ప్రశ్న. అక్కడ రాత్రిపూట కూడా ఇంద్రధనుస్సు వస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

మేడం: నిజం మాస్టారూ. నిండు వెన్నెల తుంపర మీద పడితే తెల్లగా, వంకీలా కనిపిస్తుంది. కాసేపు చూస్తే అంచున లేత రంగులు తెలుస్తాయి. పున్నమి నాడూ, దాని ముందు రోజూ, తర్వాత రోజూ పార్కుని రాత్రి తెరుస్తారు. జూలైలో నీళ్లు ఉంటాయి కాబట్టి కనిపించే అవకాశం బాగుంటుంది. టికెట్లు కొనేముందు పంచాంగం తీసి పున్నమి ఏ రోజో చూడండి.

గుంటూరు మాస్టారు: ఇదిగో, మా ఆవిడ అప్పుడే కొత్త పంచాంగం ఎక్కడ దొరుకుతుందా అంటోంది.