సినిమా పాటల చెవితో ఒగ్గు కథ వినడం ఎలా?

అందరికీ నమస్తే! హన్మకొండ నుంచి మాట్లాడుతున్నా. మన ఛానల్ చూసేవాళ్లలో ఎక్కువ మంది సినిమా పాటలే వింటారు. నేనూ మెలొడీలు వింటూ పెరిగినవాణ్నే. ఈ రోజు మనకు అలవాటు లేని సంగీతం ఒకటి విందాం. దానికోసం దూరం పోవాల్సిన పని లేదు. మన పక్కనే ఉన్న ఐనవోలులో, సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే మల్లన్న జాతరలో వినిపించేదే. ఒగ్గు కథ, అంటే మల్లన్న లాంటి దేవుళ్ల కథను డోలు, తాళాలతో పాడుతూ చెప్పే కళ.

చాలామంది రెండు నిమిషాలు విని, "అంతా ఒకటే మోత" అని ఆపేస్తారు. వాళ్లను తప్పు పట్టలేం. సినిమా పాట నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఒక చరణం అవగానే మన చెవి పల్లవి కోసం కాచుకుని ఉంటుంది. ఒగ్గు కథేమో రాత్రంతా నడిచే కథ. అందులో పల్లవి కోసం వెతికితే విసుగే మిగులుతుంది. మరి దేన్ని పట్టుకుని వినాలి?

ముందు కథ తెలుసుకోండి. మల్లన్నకు ఇద్దరు భార్యలు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఈ పెళ్లిళ్ల చుట్టూ చాలా కథ నడుస్తుంది. అంతవరకు తెలిస్తే చాలు, మధ్యలో నాలుగు మాటలు అర్థం కాకపోయినా టెన్షన్ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనే అడగండి. ఎల్లమ్మ కథ, బీరప్ప కథ కూడా వాళ్లే చెప్తారు.

ఇంట్లో వినేటప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. డోలుకు రెండు ముఖాలు, ఒకవైపు కర్రతో, ఇంకోవైపు చేత్తో వాయిస్తారు. ఫోన్ స్పీకర్‌లో కర్ర దెబ్బ టపటపా వినిపిస్తుంది గానీ అడుగున ఉండే బరువైన శబ్దం దాదాపు పోతుంది. మోత అనిపించడానికి సగం కారణం అదే. ఇప్పుడు ఒక అర నిమిషం వినండి. కర్రను వదిలేసి, కింది శబ్దం వెంటే పోండి.

(డోలు వినిపిస్తుంది)

దొరికిందా? దొరక్కపోతే వెనక్కి జరిపి మళ్లీ వినండి. అది దొరికితే తాళాలు ఎక్కడ పడుతున్నాయో వాటంతట అవే తెలుస్తాయి.

ఇక గొంతుల సంగతి. నాకు బాగా ఇష్టమైనది ఇదే. ప్రధాన కథకుడు మామూలుగా మాట్లాడుతూ ఉంటాడు, మనం ఇంటి ముందు మాట్లాడుకున్నట్టే. మాట్లాడుతూనే ఒక మాటను కొంచెం సాగదీస్తాడు. పక్కనున్న వంతవాళ్లు ఆ మాట చివరను అందుకుంటారు. డోలు ఊపందుకుంటుంది. చూస్తుండగానే అది పాటైపోతుంది! మాట ఎక్కడ ఆగింది, పాట ఎక్కడ మొదలైంది? ఆ చోటును పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఒక్కసారి పట్టుకున్నారంటే మళ్లీ ఎప్పుడొస్తుందా అని మీరే ఎదురుచూస్తారు. కథకుడు తలమీద కొంగులా గుడ్డ వేసుకుని ఆడమనిషి పాత్రలోకి మారతాడు. అక్కడ గొంతు కూడా మారుతుంది, గమనించండి.

ఎవరితో మొదలుపెట్టాలని అడిగితే నేను చుక్క సత్తయ్య గారి పేరే చెప్తాను. జనగామ ప్రాంతం వారు. 2017లో కన్నుమూశారు. ఊళ్లలో సాగే ఈ కథను పెద్ద వేదికల మీదికి తీసుకెళ్లి ఎంతోమందికి వినిపించారు. ఆయన గొంతులో ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది, కొత్తవాళ్లకు అది చాలా సాయం.

ఊరేగింపుల్లో ఒకరి మీద ఒకరు ఎక్కి వాయించే డోలు విన్యాసం చూసి, ఒగ్గు కథ అంటే ఇంతే అనుకోవద్దు. అదీ గొప్పదే, నాకూ ఇష్టమే. కానీ అందులో కథ ఉండదు. కథ లేకుండా వింటే ఈ సంగీతం ఎందుకు అలా ఆగుతుందో, ఎందుకు అలా ఉరుకుతుందో తెలియదు.

ఐనవోలు వెళ్తే అక్కడ జరిగేది పూజ అని గుర్తుంచుకోండి. రంగుల పొడులతో నేలమీద పట్నం అనే ముగ్గు వేస్తారు, దాన్ని తొక్కొద్దు, చెప్పులతో దగ్గరికి పోవద్దు. వీడియో తీయాలంటే ముందు ఒగ్గు పూజారిని అడగండి. డోలుకు మరీ ఎదురుగా కూర్చుంటే గొంతులు వినపడవు. కథకుడి ముఖం కనిపించేలా, కొంచెం పక్కకు కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టేయండి. ఒక ఘట్టం పూర్తయ్యేదాకా లేవకండి.