పదిహేడో లెవెల్ దాటిన సాహసాన్ని అల్లడం ఎలా

సభకు నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, డైస్ వేస్తూ ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కథ మొదలుపెట్టేవాళ్లు ఎందరో ఉంటారు గాని, దాన్ని చివరి లెవెళ్ల దాకా, అంటే పాత్రలు శక్తిలో ఎదిగే పై మెట్ల దాకా, నడిపించేవాళ్లు తక్కువ. కథ నడిపే గేమ్ మాస్టర్లలో ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా పన్నెండో లెవెల్ దగ్గరో పదమూడో లెవెల్ దగ్గరో కథ ముగించి, కొత్త పాత్రలతో మళ్లీ మొదటి లెవెల్‌కు వెళ్లిపోతుంటారు. ఆపైన ఆట చేయి దాటిపోతుందని వాళ్ల భయం. ఆ భయం నిరాధారం కాదు. అయితే సమతూకాన్ని మనం రాక్షసుల బలంలో వెతుకుతున్నామని, అది ఉండేది కాలంలోనూ ఆటగాళ్ల ముందు పెట్టే ఎంపికలోనూ అని నా నమ్మకం.

సమస్య పాతదే. ఇటువంటి ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో పుట్టింది; 1980లలోనే 36వ లెవెల్ వరకు నియమాలు ఇచ్చి, ఆపైన పాత్రలు అమరులయ్యే దారి కూడా చూపింది. 1988లో వెలువడిన ఒక సాహసం 18 నుంచి 100వ లెవెల్ దాకా ఉన్న పాత్రలకు ఉద్దేశించినది. 2008 నాటి నాలుగో ఎడిషన్ 30 దగ్గర ఆగింది, 2014 నాటి ఐదో ఎడిషన్ 20 దగ్గర ఆగింది. పైకప్పు ఎక్కడ పెట్టినా దాని కింద నిలబడినవారి ఇబ్బంది మారలేదు. నా ఉదాహరణలన్నీ ఆ 2014 నియమాల నుంచే తీసుకుంటున్నాను. పాత్ర లెవెల్‌తో కలగాపులగం కాకుండా మంత్రాల స్థాయిని మాత్రం శ్రేణి అంటాను.

నేను మొదటిసారి పద్దెనిమిదో లెవెల్ సాహసం రాసినప్పుడు చేసిన తప్పు చాలామంది చేసేదే. శత్రువు కోటలోకి టెలిపోర్ట్, అంటే క్షణంలో మరో చోటికి చేర్చే మంత్రం, పనిచేయదన్నాను, గోడలకు ఎగిరే శక్తిని హరించే మాయ పూశాను, దివ్యదృష్టికి ఏదీ కనిపించకుండా తెర వేశాను. రెండేళ్లు ఆడి సంపాదించుకున్న శక్తులన్నీ గుమ్మం దగ్గర వదిలేసి లోపలికి రమ్మన్నట్టయింది. వాళ్లు ఓడిపోలేదు, గెలిచారు. కాని ఐదో లెవెల్ పాత్రల్లా గెలిచారు. మంత్రగత్తె పాత్ర ఆడే స్నేహితురాలు ఆట ముగిశాక, "నేను ఇంత దూరం ఎదిగింది ఇందుకేనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆనాటి నుంచి ఏ శక్తినీ నిషేధించకూడదని నియమం పెట్టుకున్నాను.

నిషేధించకపోతే సవాలు ఎక్కడ మిగులుతుంది? టెలిపోర్ట్‌నే చూడండి. అది ఏడో శ్రేణి మంత్రం. తనతో పాటు మరో ఎనిమిది మందిని క్షణంలో మరో ఖండానికి చేరుస్తుంది. కాని పదిహేడో లెవెల్ మంత్రగాడికి ఏడు, ఎనిమిది, తొమ్మిది శ్రేణుల్లో ఉండే స్లాట్లు, అంటే మంత్రం వేసే అవకాశాలు, ఒక్కొక్కటే. ఎనిమిది గంటల సుదీర్ఘ విశ్రాంతి తీసుకుంటే తప్ప అవి తిరిగి రావు. ఇప్పుడు మూడు నగరాలు ఒకే సాయంత్రం సముద్రంలోకి కుంగుతున్నాయని, ఆరు గంటల వ్యవధి మాత్రమే ఉందని అనుకుందాం. పార్టీ, అంటే పాత్రల జట్టు, ఎక్కడికైనా వెళ్లగలదు, అడ్డేమీ లేదు. కాని మొదటి ప్రయాణంతో ఏడో శ్రేణి స్లాట్ పోతుంది, రెండోదానితో ఎనిమిదోది పోతుంది, మూడో నగరానికి కూడా అలాగే వెళ్లాలంటే కోరినది జరిపించే విష్ మంత్రానికి దాచుకున్న తొమ్మిదోది వదులుకోవాలి. నడిచి వెళ్లే పాత్రలకు ఈ చిక్కు రానేరాదు, ఎందుకంటే వాళ్లు ఒక్క నగరానికైనా సమయానికి చేరరు. శక్తి ఉన్నందువల్లనే పుట్టే ఇటువంటి ఇరకాటం పై లెవెళ్లకు మాత్రమే చెందిన నాటకం. రోజుకు ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఉంటాయని నియమావళి వేసుకున్న లెక్క ఈ లెవెళ్లలో తరచూ తప్పిపోతుంది. ఒక్క పోరాటం చేసి మాయాకుటీరంలో పడుకోగలిగిన పార్టీని నిలువరించేది గడియారం ఒక్కటే.

అంకెల విషయంలోనూ ఒక మాట చెప్పాలి. రాక్షసుడి హిట్ పాయింట్లు, అంటే తట్టుకోగల దెబ్బల లెక్క, పెంచితే పోరాటం కష్టమవుతుందనుకుంటాం, నిజానికి అది నిడివి మాత్రమే పెంచుతుంది. టారాస్క్ అనే మహారాక్షసికి 676 హిట్ పాయింట్లు, దెబ్బ తగలకుండా కాచే ఆర్మర్ క్లాస్ 25, ఎంత ప్రమాదకరమో చెప్పే ఛాలెంజ్ రేటింగ్ అత్యధికంగా 30 ఉన్నాయి. అయినా ఎగిరే శక్తి గాని దూరం నుంచి కొట్టే ఆయుధం గాని లేనందువల్ల, గాలిలో నిలిచి మాయాశక్తి ఉన్న విల్లుతో బాణాలు వేసేవారి ముందు అది నిస్సహాయం. అసలైన అసమానత సేవింగ్ త్రోలలో, అంటే ఆపదను తట్టుకోవడానికి ఇరవై ముఖాల డైస్ వేసే చోట, ఉంది. పురాతన ఎర్ర డ్రాగన్ పుట్టించే భయాన్ని తట్టుకోవడానికి 21 రావాలి. ఆ త్రోలో ప్రావీణ్యం, 20 విజ్డమ్ (వివేకం) ఉన్న పదిహేడో లెవెల్ పాత్రకు +11 కలుస్తుంది కనుక 10 పడితే చాలు. ఏమీ కలవని యోధుడికి డైస్ మీద 20 పడినా సరిపోదు. భయపడినవాడు భయపెట్టినదాని దగ్గరికి అడుగు వేయలేడు, ఆ స్థితి నిమిషం పాటు ఉంటుంది, నిమిషమంటే పది రౌండ్లు, అంటే దాదాపు పోరాటమంతా. జట్టులో అందరికంటే బలమైన కత్తివీరుడు అంతసేపూ దూరంగా నిలబడాలి. అందువల్ల డ్రాగన్‌ను దించేముందు ప్రతి పాత్రకూ ఉన్న ఆరు సేవింగ్ త్రోలను ఒక కాగితం మీద రాసుకుంటాను, అసాధ్యమైన చోట డైస్‌తో పని లేని దారి ఒకటి ఉంచుతాను: చూపును మరుగుచేసే స్తంభమో, తోటివారు తమ వంతులో చేయగల పనిని (యాక్షన్) ఖర్చుపెట్టి భయాన్ని పోగొట్టే అవకాశమో.

హిట్ పాయింట్లు పెంచడంలాగే, పెద్ద రాక్షసులకు ఉండే లెజెండరీ రెసిస్టెన్స్ అనే శక్తి కూడా మొరటు పరిష్కారమే. మూడుసార్లు రాక్షసుడు విఫలమైన త్రోను సఫలం చేసుకుంటాడు, ఆటగాడి గొప్ప మంత్రం గాలిలో కలిసిపోతుంది. నా రాక్షసులు దానికి ధర చెల్లిస్తారు: రెసిస్టెన్స్ వాడిన ప్రతిసారీ కిరీటంలో ఒక రాయి పగిలి, ఆ రాయి ఇచ్చే శక్తి ఒకటి నశిస్తుంది. మంత్రం ఫలించకపోయినా వృథా కాదు.

ఇక మరణం. చనిపోయినవారిని బతికించే ట్రూ రెసరెక్షన్ మంత్రం ఉన్న పార్టీని చావుతో బెదిరించలేం. 25,000 బంగారు నాణేల విలువైన వజ్రాలు ఉంటే, 200 ఏళ్ల కిందట పోయినవారిని శరీరం లేకపోయినా బతికించవచ్చు. అయితే ఆ మంత్రంలోనే రెండు షరతులు ఉన్నాయి: ముసలితనంతో పోయినవారు తిరిగి రారు, రావడానికి ఇష్టపడని ఆత్మ కూడా రాదు. ఈ రెండో షరతు మీద నేను ఒక సాహసం మొత్తం నిలబెట్టాను. యుద్ధాన్ని ఆపగలిగిన రాణి ఒకామె చనిపోయింది. పార్టీ దగ్గర వజ్రాలున్నాయి, మంత్రం ఉంది, కాని ఆమె రానంటుంది. పాత్రలు పరలోకానికి వెళ్లి ఆమెను ఒప్పించాలి. అక్కడికి చేరడానికి వాళ్లకు ఒక్క స్లాట్ పట్టింది. ఆమెతో మాట్లాడటానికి మాకు మూడు గంటలు పట్టింది, ఆ మూడు గంటల్లో ఎవరూ డైస్ ముట్టుకోలేదు. చివరికి ఆమె ఒప్పుకోలేదు. ఆమెను అక్కడే వదిలి, ఆమె చేయవలసిన సంధిని తామే చేయడానికి పార్టీ వెనక్కి బయలుదేరింది.